ర్యామ్ కొనే ముందు లాగ్ చదవాలి

సర్వర్ నెమ్మదించిందంటే ఏ ఆఫీసులోనైనా ముందు వినిపించే మాట "ర్యామ్ వేయిద్దాం" అనే. శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్లలో ఈ మాటను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఇక్కడి కాలేజీలో, లైబ్రరీలో, స్కానింగ్ సెంటర్లో, సహకార సంఘంలో సర్వర్ అంటే చాలాసార్లు ఒక గదిలో యూపీఎస్ పక్కన పెట్టిన ఒకే ఒక్క మెషీన్. దానికి డబ్బు మంజూరయ్యేది ఎప్పుడో ఒకసారి. ఆ డబ్బుతో కొన్న ర్యామ్ అక్కరకు రాకపోతే మళ్లీ మంజూరు కోసం ఎదురుచూడాలి. పెద్ద కంపెనీకి ఇలాంటి పొరపాటు లెక్కలోకి రాదు, చిన్న సంస్థకు వస్తుంది.

ర్యామ్ రెట్టింపు చేసినా ఒక్క శాతం లాభం కూడా రాని సందర్భాలు నిజంగానే ఉన్నాయి. ఉన్న ర్యామ్‌తోనే, అందులో ఏది ఉంచాలో చెప్పే ఒక నియమం మారిస్తే పని ఎన్నో రెట్లు వేగంగా జరిగే సందర్భాలూ ఉన్నాయి. మన సర్వర్‌ది ఈ రెండింట్లో ఏ పరిస్థితో మెషీన్‌ని చూసి చెప్పలేం. దాన్ని ఎవరు, ఏమి, ఎంత తరచుగా, ఏ వరసలో అడుగుతున్నారో చూస్తేనే తెలుస్తుంది. ఆ వివరమంతా లాగ్‌లో, అంటే సర్వర్ తనకొచ్చిన ప్రతి అభ్యర్థననూ వరసగా రాసిపెట్టుకునే ఫైలులో, ఉంటుంది.

కాష్ చేసే పని చిన్నది. తరచూ అడిగే పుస్తకాలను లైబ్రేరియన్ బీరువాలో కాకుండా బల్ల మీదే ఉంచుకున్నట్టు, డిస్క్‌లో ఉన్న డేటాలో కొంత భాగాన్ని వేగమైన మెమరీలో, అంటే ర్యామ్‌లో, ఉంచుతుంది. అడిగింది అక్కడే దొరికితే హిట్, లేక డిస్క్ దాకా వెళ్లాల్సి వస్తే మిస్. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు డేటాను చదివే హెడ్ కిందికి రావడానికే సగటున అందులో సగం పోతుంది. హెడ్ పక్కకు జరిగే సమయం కూడా కలిపితే ఒక్కో రీడ్‌కి పది మిల్లీసెకన్లు దాటుతుంది. తిరిగే పళ్లెం లేని ఎస్ఎస్‌డీకి ఇది సుమారు వంద మైక్రోసెకన్లు, ర్యామ్‌కి వంద నానోసెకన్లు. అంటే హార్డ్ డిస్క్‌కీ ర్యామ్‌కీ మధ్య తేడా లక్ష రెట్లు.

తేడా ఇంత ఉన్నచోట హిట్ శాతాన్ని పరీక్ష మార్కుల్లా చదవకూడదు. సాఫ్ట్‌వేర్ ఖర్చంతా కలిపి హిట్‌కి 0.1 మిల్లీసెకను, మిస్‌కి 10 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. హిట్లు 90 శాతం ఉంటే సగటు సమయం 1.09 మిల్లీసెకన్లు. 95 శాతానికి చేరితే 0.6. 99కి చేరితే 0.2. తొంభై నుంచి తొంభై తొమ్మిదికి ఎదగడం చూడడానికి చిన్న మెరుగే, కానీ వేగం ఐదు రెట్లు దాటుతుంది. సమయాన్ని తినేది మిస్సులు. వాటిని పదిశాతం నుంచి ఒక శాతానికి దించాం కాబట్టే ఆ లాభం. కాబట్టి విశ్లేషణలో చూడాల్సింది దొరికినవాటిని కాదు, దొరకనివి ఎందుకు దొరకలేదో.

కాష్ నిండాక కొత్తది రావాలంటే పాతదొకటి బయటికి పోవాలి. ఏది పోవాలన్నదే అసలు చిక్కు. దీనికి అన్నిటికన్నా మంచి జవాబును ఐబీఎంలో పనిచేసిన లాస్లో బెలాడీ 1966లోనే చెప్పాడు. ఉన్నవాటిలో దేన్ని అన్నిటికన్నా ఆలస్యంగా మళ్లీ అడుగుతారో, దాన్ని తీసేయాలి. దీన్ని మించిన నియమం లేదు. అయితే రాబోయే రోజుల్లో ఎవరు ఏమి అడుగుతారో ముందే తెలిసి ఉండాలి కాబట్టి నడుస్తున్న సర్వర్‌లో దీన్ని అమలు చెయ్యలేం. పాత లాగ్ మీద మాత్రం చెయ్యొచ్చు. గడిచిన నెల లాగ్‌లో తర్వాత ఏమి జరిగిందో మొత్తం రాసే ఉంది కదా. ఆ లాగ్‌ని బెలాడీ పద్ధతిలో నడిపిస్తే, ఇంత మెమరీతో ఏ నియమమైనా అందుకోగల గరిష్ఠ హిట్ శాతం తెలుస్తుంది. ఇప్పుడున్న నియమం దానికి దగ్గర్లోనే ఉంటే నియమాలు మార్చి ప్రయోజనం లేదు. చాలా దూరంలో ఉంటే ర్యామ్ గురించి ఆలోచించే ముందు చెయ్యాల్సిన పని మిగిలే ఉంది.

నడుస్తున్న సర్వర్లలో ఎక్కువగా కనిపించే నియమం ఎల్ఆర్‌యూ. చాలాసేపుగా ఎవరూ ముట్టనిదాన్ని అది తీసేస్తుంది. ఇప్పుడే అడిగినదాన్ని మళ్లీ త్వరలో అడుగుతారన్నది దీని నమ్మకం. చాలాచోట్ల ఆ నమ్మకం నిలబడుతుంది. నిలబడని చోట్ల ఎంత ఘోరంగా కూలుతుందో చూడాలంటే ఒక ఉదాహరణ కావాలి.

అడిగేవాళ్లందరూ ఒకేలా అడగరు

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథ కోసమే నెలకొల్పిన గ్రంథాలయం. అలాంటి సేకరణను, అంటే పాత పత్రికల సంచికలు, కథా సంపుటాలు, రచయితల వివరాలను స్కాన్ చేసి ఒక చిన్న సర్వర్‌లో పెట్టి అందరికీ తెరిచారని ఊహించుకుందాం. ఇకపై చెప్పేదంతా ఆ ఊహా సర్వర్ గురించే. పుటల స్కాన్లు మొత్తం 100 జీబీ, కాష్‌కి ఇవ్వగలిగిన మెమరీ అందులో చిన్న భాగం.

దీన్ని తెరిచేవాళ్లలో మామూలు పాఠకుడు ఒక కథ ఎంచుకుని మొదటి పుట, రెండో పుట, మూడో పుట అలా వరసగా చదువుకుంటూ పోతాడు. వెనక్కి తిరిగేది తక్కువ. రచయితల పట్టిక, అకారాది సూచిక, ముఖచిత్రాల చిన్న బొమ్మలు మాత్రం వచ్చిన ప్రతివాడూ అడుగుతాడు. ఒక యూనివర్సిటీ ఏదో కథను సిలబస్‌లో పెడితే పరీక్షల ముందు వారం పాటు ఆ నాలుగైదు పుటల మీద వందల మంది పడతారు, తర్వాత వాటి వైపు చూసేవాళ్లుండరు. ఒక రచయిత కన్నుమూస్తే ఆ సాయంత్రం నుంచి ఆయన కథలన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. పీహెచ్‌డీ చేస్తున్న పరిశోధకురాలు ఒక పత్రిక ఇరవై ఏళ్ల సంచికలన్నిటినీ మొదటి నుంచి చివరి దాకా ఒకసారి తిప్పుతుంది. సెర్చ్ ఇంజిన్ల రోబోలు ఎవరూ అడగని పుటలను కూడా ఒక్కొక్కసారి ముట్టుకుని పోతాయి. రాత్రి రెండింటికి బ్యాకప్ ప్రోగ్రామ్ లేచి మొత్తం 100 జీబీ చదువుతుంది.

లాగ్‌లో ఇవన్నీ కలగలిసి ఒకే వరసగా కనిపిస్తాయి. విడదీసి చూస్తే ఒక్కోదానికి కావలసిన కాష్ ఒక్కో రకం. సూచికలు, చిన్న బొమ్మలు ఎప్పుడూ మెమరీలోనే ఉండాలి. మొత్తం కలిపినా వాటి బరువు తక్కువే. సిలబస్ కథ వారం రోజులుండి పోవాలి. వరసగా చదివే పాఠకుడికి కావలసింది చదివేసిన పుట కాదు, రాబోయే పుట. పరిశోధకురాలికి, రోబోకి, బ్యాకప్‌కి కాష్ వల్ల మేలేమీ లేదు. వాళ్లు అడిగినవి కాష్‌లో చోటు ఆక్రమించకుండా చూడడమే మిగతావాళ్లకు చెయ్యగల మేలు.

ఎల్ఆర్‌యూకి ఈ తేడాలేమీ తెలియవు. రాత్రి బ్యాకప్ నడిచినప్పుడు ప్రతి పుటా "ఇప్పుడే అడిగినది" అవుతుంది. పగలంతా వందల మంది అడిగి అడిగి పోగైన సూచికలు, చిన్న బొమ్మలు, సిలబస్ కథలు అన్నీ బయటికి పోయి, ఎవరికీ అక్కర్లేని పుటలతో మెమరీ నిండుతుంది. పొద్దున్నే వచ్చిన పాఠకులకు అన్నీ మిస్సులే. "పొద్దున పూట సర్వర్ స్లోగా ఉంటుంది, పదింటికి సర్దుకుంటుంది" అనే ఫిర్యాదు ఎక్కడ వినిపించినా ముందుగా చూడాల్సింది రాత్రి నడిచే పనుల జాబితా. నెట్ కనెక్షన్‌ని నిందించడం తర్వాత.

ఇవన్నీ తెలియాలంటే లాగ్‌లో ఏం రాసుకోవాలి? ఎప్పుడు అడిగారు, ఏ ఫైలు లేదా ఏ బ్లాకు (డిస్క్‌లోని ఏ ముక్క), ఎంత సైజు, చదవడమా రాయడమా, అడిగిన ప్రోగ్రామ్ ఏది. ఈ అయిదూ చాలు. వెబ్ సర్వర్‌కి యాక్సెస్ లాగ్ ఎలాగూ ఉంటుంది. డిస్క్ స్థాయిలో కావాలంటే లినక్స్‌లో బ్లాక్‌ట్రేస్ అనే సాధనం ఉంది. ఐఓస్టాట్ అనే ఇంకో సాధనం చూపించేది మొత్తం లెక్కలే, వరస చూపించదు, కాబట్టి ఈ పనికి అది చాలదు. అడిగిన మనిషి పేరు, ఐపీ అడ్రస్ ఈ విశ్లేషణకు అక్కర్లేదు. చిన్న ఊళ్లో ఫలానా లాగ్ వరస ఫలానా మనిషిదని పోల్చుకోవడం తేలిక. ఎవరు ఏం చదివారన్నది వాళ్ల సొంత విషయం. ఆ భాగాన్ని లాగ్ నుంచి తీసేశాకే విశ్లేషణకు ఇవ్వాలి. ఇది తర్వాత చూసుకుందాంలే అని వదిలేయదగ్గ పని కాదు.

మళ్లీ అడిగే దూరం

లాగ్ చేతిలో ఉన్నాక చెయ్యాల్సిన ముఖ్యమైన లెక్క ఒకటుంది. ఒక వస్తువును (పుట, బొమ్మ, ఫైలు ఏదైనా) ఒకసారి అడిగి మళ్లీ అడిగేలోపు మధ్యలో ఎన్ని వేరువేరు వస్తువులను అడిగారు? దీన్ని మళ్లీ అడిగే దూరం అనుకోవచ్చు. వరస ఇలా ఉందనుకుందాం: క, చ, క, ట, చ, క. మొదటిసారి వచ్చినవాటికి దూరం లేదు. రెండోసారి క వచ్చేసరికి మధ్యలో చ ఒక్కటే ఉంది, దూరం 1. చ మళ్లీ వచ్చేసరికి మధ్యలో క, ట ఉన్నాయి, దూరం 2. చివరి క ముందు ట, చ ఉన్నాయి, దూరం 2. ఎల్ఆర్‌యూ కాష్‌లో రెండింటికి చోటుంటే దూరం 1 ఉన్నది మాత్రమే దొరుకుతుంది, అంటే ఒక హిట్. మూడింటికి చోటుంటే మూడు హిట్లు.

ఇందులోని గొప్పతనం ఏమిటంటే, లాగ్‌ని ఒక్కసారి చదివితే చాలు, ప్రతి సైజు కాష్‌కీ హిట్ శాతం ఎంతో ఒకేసారి వచ్చేస్తుంది. ఒక్కో సైజుకి ఒక్కోసారి ప్రయోగం చెయ్యక్కర్లేదు. ఈ సంగతి 1970లో ఐబీఎంకే చెందిన మాట్సన్, అతని సహచరులు చూపించారు. ఆ ఫలితాన్ని గ్రాఫ్ గీస్తే, అడ్డంగా మెమరీ సైజు, నిలువుగా మిస్ శాతం, ఒక వంపు గీత వస్తుంది. ర్యామ్ కొనాలా వద్దా అన్న ప్రశ్నకు ఆ గీతకన్నా నిజాయితీ గల జవాబు ఇంకోటి లేదు.

చాలా సర్వర్లలో ఆ గీత మొదట్లో నిటారుగా పడుతుంది, తర్వాత చదునవుతుంది. కొద్ది వస్తువులనే ఎక్కువమంది అడుగుతారు కాబట్టి వాటికి చోటు దొరకగానే మిస్సులు ఒక్కసారిగా తగ్గిపోతాయి. వెబ్ పేజీల అడుగుదల జిఫ్ సూత్రానికి, అంటే ముందున్న కొద్దింటికే ఎక్కువ వాటా దక్కే తీరుకు, దగ్గరగా ఉంటుందని 1999లో బ్రెస్లౌ తదితరులు చూపించారు. గీత వంగే చోటు దాకా మెమరీ పెంచితే ప్రతి జీబీకీ ఫలితం ఉంటుంది. ఆ చోటు దాటాక ప్రతి జీబీ దాదాపు వృథా. మన సర్వర్ ఆ వంపుకు ఎడమన ఉందో కుడిన ఉందో తెలియకుండా కొటేషన్లు పిలవడం సరైన పని కాదు.

కొన్నిచోట్ల ఆ గీత వంపు తిరగదు, కొండ అంచులా ఉంటుంది. ఊహా లైబ్రరీలో ఒక ప్రోగ్రామ్ 100 జీబీ పుటలను అదే వరసలో పదేపదే చదువుతోందనుకుందాం. ఫైళ్లు చెడిపోలేదని సరిచూసే ప్రోగ్రామ్‌లు అలాగే చదువుతాయి. కాష్ 40 జీబీ, నియమం ఎల్ఆర్‌యూ. హిట్లు సున్నా. ర్యామ్ కొని 80 జీబీ చేస్తే? అప్పుడూ సున్నాయే. చిన్న అంకెలతో చూస్తే తెలుస్తుంది. అ, ఆ, ఇ, ఈ, ఉ అనే అయిదింటిని చక్రంలా అడుగుతుంటే, నాలుగింటికి మాత్రమే చోటున్న కాష్‌లోకి ఉ రాగానే అ బయటికి పోతుంది. సరిగ్గా వెంటనే అడిగేది అ. అది లోపలికి రావడానికి ఆ పోతుంది, వెంటనే అడిగేది ఆ. ప్రతిసారీ కావలసినదాన్నే అది బయటికి నెడుతూ పోతుంది. మెమరీ 100 జీబీకి చేరిన క్షణంలో మాత్రం అన్నీ హిట్లే. మధ్యలో ఎక్కడ ఆగినా పెట్టిన డబ్బు బూడిదలో పోసినట్టే.

అదే 80 జీబీలో మొదట వచ్చిన పుటలను కదపకుండా అలాగే ఉంచేసి, మిగతావాటిని కాష్‌లోకే రానివ్వకపోతే దాదాపు 80 శాతం హిట్లు వస్తాయి. మెషీన్ అదే, మెమరీ అదే, మారింది నియమం ఒక్కటే. సున్నా నుంచి ఎనభైకి. ర్యామ్ కన్నా ముందు లాగ్ అనడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

మెమరీ పెంచితే మిస్సులు పెరిగే విడ్డూరం కూడా ఉంది. ముందొచ్చినదాన్ని ముందు పంపే ఫిఫో నియమంలో 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అనే వరసను నడిపిస్తే మూడింటికి చోటున్నప్పుడు 9 మిస్సులు, నాలుగింటికి చోటున్నప్పుడు 10 మిస్సులు వస్తాయి. కాగితం మీద రెండు నిమిషాల్లో వేసి చూసుకోవచ్చు. దీన్ని 1969లో బెలాడీ బృందమే బయటపెట్టింది. ఎల్ఆర్‌యూలో ఇలా జరగదు.

ఏడాది లాగ్ కోట్ల వరసలుంటే లెక్క బరువవుతుంది. అప్పుడు శాంపిల్ తీసుకోవచ్చు, కానీ తీసే పద్ధతిలో జాగ్రత్త కావాలి. వెయ్యి అభ్యర్థనల్లో ఒకటి చొప్పున ఏరితే ఒకే వస్తువు మళ్లీ వచ్చిన సంగతే పోతుంది, దూరాలన్నీ తప్పుతాయి. ఏరాల్సింది అభ్యర్థనలను కాదు, వస్తువులను. ప్రతి వస్తువు పేరుకూ హ్యాష్ (పేరు నుంచి లెక్కగట్టే ఒక అంకె) కట్టి, వెయ్యిలో ఒక వస్తువును ఎంచుకుని, ఆ వస్తువుకు వచ్చిన అభ్యర్థనలన్నిటినీ ఉంచుకుని, వచ్చిన దూరాన్ని వెయ్యితో గుణించాలి. షార్డ్స్ పేరుతో 2015లో వచ్చిన ఈ పద్ధతి కొద్ది మెమరీతోనే అసలు గీతకు చాలా దగ్గరగా వస్తుంది. ఈ లెక్కకు మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

ఒక్కసారి వచ్చి పోయేవాళ్లు

లాగ్‌ని మొదటిసారి విడదీసి చూసినవాళ్లను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఒక్కసారి మాత్రమే అడిగిన వస్తువుల సంఖ్య. వెబ్ పేజీలను వేగంగా అందించే అకమై సంస్థ సర్వర్లలో చూసినప్పుడు వస్తువుల్లో సుమారు నాలుగింట మూడొంతులు ఒక్కసారే అడిగినవని 2015లో ప్రచురించారు. వాటికి చోటివ్వడమంటే తిరిగిరాని అతిథి కోసం గది ఖాళీ చేయించడం. వాళ్లు ఎంచుకున్న మార్గం తేలికైనది. మొదటిసారి అడిగితే డిస్క్ కాష్‌లో పెట్టరు, రెండోసారి అడిగితేనే పెడతారు. మొదటిసారి అడిగిన గుర్తు ఉంచుకోవడానికి బ్లూమ్ ఫిల్టర్ వాడతారు. బర్టన్ బ్లూమ్ 1970లో చెప్పిన ఈ పద్ధతిలో పేరు మొత్తం దాచరు, కొన్ని బిట్లు మాత్రం వెలిగిస్తారు. అప్పుడప్పుడు చూడనిదాన్ని చూశానంటుంది, చూసినదాన్ని చూడలేదని మాత్రం అనదు. ఈ పనికి ఆ చిన్న తప్పు అడ్డు కాదు.

ఇదే ఆలోచన వేరువేరు పేర్లతో ముప్పై ఏళ్లుగా వస్తూనే ఉంది. 1993లో ఎల్ఆర్‌యూ-కే, 1994లో టూ-క్యూ, 2003లో ఐబీఎం అల్మడెన్ నుంచి మెగిడో, ధర్మేంద్ర మోధా తెచ్చిన ఆర్క్. కొత్తగా వచ్చినవాటికీ, రెండోసారి అడిగినవాటికీ ఆర్క్ రెండు జాబితాలు పెట్టుకుని, ఏది పెరగాలో వాడకాన్ని బట్టి తనే సర్దుకుంటుంది. జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ దాన్నే వాడుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా 8.0 వెర్షన్‌లో దాన్ని పెట్టుకుని, ఐబీఎం పేటెంట్ కారణంగా 2005లోనే వదులుకోవాల్సి వచ్చింది. 2023లో వచ్చిన ఎస్3-ఫిఫో ఇంకా తేలిక. కాష్‌లో పదో వంతు చిన్న క్యూ, అందులో ఉండగా మళ్లీ అడిగినవాటికి ప్రధాన క్యూలోకి ప్రవేశం.

చిన్న సంస్థ వీటిలో దేన్నీ సొంతంగా రాసుకోనక్కర్లేదు. ఇప్పటికే వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాటిని తెలుసుకుంటే సగం పని అయినట్టే. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో డేటాను నిల్వచేసే ఇన్నోడీబీ కొత్త పేజీని (అంటే డేటా ముక్కను) జాబితా తలకు కాకుండా మధ్యలో చేరుస్తుంది. జాబితాలో 37 శాతం "పాత" భాగం, మిగతాది "కొత్త" భాగం. మొదటిసారి ముట్టుకున్న తర్వాత ఒక సెకను గడిచాక మళ్లీ ముట్టుకుంటేనే ఆ పేజీ పై భాగానికి ఎక్కుతుంది. పెద్ద టేబుల్‌ని ఆ చివర నుంచి ఈ చివరి దాకా చదివే రిపోర్టు వల్ల పగటి వాడకం చెదరకుండా కాపాడేది ఇదే. పోస్ట్‌గ్రెస్ అలాంటి పెద్ద రీడ్‌కి ఒక చిన్న వలయం, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే కొద్దిపాటి చోటు, ఇచ్చి అందులోనే తిప్పుతుంది. బ్యాకప్ ప్రోగ్రామ్ ఫైళ్లను నేరుగా చదివేటప్పుడు మాత్రం ఈ డేటాబేస్ రక్షణలు పనికిరావు. అక్కడ చదివిన పేజీలు ఇక అక్కర్లేదని లినక్స్‌కి చెప్పే ఫ్యాడ్వైజ్ సౌకర్యాన్ని ఆ ప్రోగ్రామ్ వాడుతుందో లేదో చూసుకోవాలి.

వరసగా చదివే పాఠకుడి సంగతి దీనికి భిన్నం. మూడో పుట తెరిచినవాడికి నాలుగో పుట ముందే తెచ్చిపెడితే అతనికి ఆలస్యమే తెలియదు. లినక్స్ ఒకే ఫైలులో వరస రీడ్‌లను గుర్తుపట్టి మామూలుగా 128 కిలోబైట్ల దాకా ముందుకు చదువుతుంది. ఒక్కో పుట ఒక్కో ఫైలైతే దానికి ఆ వరస కనిపించదు, వెబ్ అప్లికేషన్ చెప్పాల్సిందే. ఎన్ని పుటలు ముందుకు తేవాలన్నదీ లాగే చెబుతుంది. సగం మంది రెండో పుటలోనే ఆగిపోతుంటే పది పుటలు ముందుగా తేవడం డిస్క్‌ని అనవసరంగా అలుపెక్కించడమే.

తేదీలు మారతాయి, జిల్లాలూ మారతాయి

ఒక నెల లాగ్ చూసి ఏడాదికి సరిపడా నియమం రాయలేం. ఈ ప్రాంతంలో రద్దీకి తనదైన పంచాంగం ఉంది. అరసవల్లి రథసప్తమి మాఘ శుద్ధ సప్తమికి వస్తుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ఇంగ్లిష్ తేదీల్లో రెండూ ప్రతి ఏడాదీ మారుతుంటాయి. దర్శనం, బస్సులు, వసతి వివరాలు చూపించే సర్వర్‌కి "గత ఏడాది ఇదే తేదీన ఏం అడిగారో అది సిద్ధం చెయ్యి" అని రాస్తే ఆ ఏర్పాటు తప్పిన రోజున జరుగుతుంది. పోల్చాల్సింది తిథితో. బయట ఊళ్లలో తయారైన సాఫ్ట్‌వేర్‌కి ఇది తట్టదు, ఇక్కడివాళ్లే చెప్పాలి.

ఇంకో రకం మార్పు ఒక్క రాత్రిలో వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరానికి వెళ్లింది. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది. జిల్లాల వారీగా రికార్డులు పెట్టుకున్న ఏ వ్యవస్థలోనైనా అలాంటి రోజు తర్వాత అడుగుదల చోటు మారుతుంది. ఎన్నిసార్లు అడిగారన్న లెక్కను బట్టి నడిచే ఎల్ఎఫ్‌యూ నియమానికి ఇది పెద్ద పరీక్ష. ఏళ్ల తరబడి వేలసార్లు అడిగిన రాజాం రికార్డులకు పాత లెక్క బలం ఉంటుంది కాబట్టి, ఇక అక్కడ ఎవరూ అడగకపోయినా అవి శ్రీకాకుళం సర్వర్ కాష్‌ని వదలవు. కొత్తగా అడుగుతున్నవి చేరలేవు. అందుకే లెక్కలు కాలంతోపాటు కరగాలి. డేటాను మెమరీలోనే ఉంచే రెడిస్ సాఫ్ట్‌వేర్‌లో 4.0 వెర్షన్ నుంచి ఉన్న ఎల్ఎఫ్‌యూ అలాగే చేస్తుంది. ఎనిమిది బిట్ల చిన్న లెక్క పెట్టుకుని, అడగని నిమిషాలు గడిచేకొద్దీ తగ్గిస్తుంది. ఎంత త్వరగా కరగాలన్నది మార్చుకోవచ్చు. వారం రోజుల సిలబస్ రద్దీ ఉండే చోట త్వరగా, ఏడాది పొడవునా ఒకేలా ఉండే చోట నెమ్మదిగా.

రాతల విషయంలో వేగం కన్నా భద్రత ముందు చూడాలి. రాసినదాన్ని మెమరీలోనే ఉంచి తర్వాత తీరిగ్గా డిస్క్‌కి పంపే పద్ధతి వేగంగా కనిపిస్తుంది. కానీ ఆ మధ్యలో కరెంటు పోతే రాసింది పోతుంది. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకి ఉద్దానంలో ఎన్ని కరెంటు స్తంభాలు కూలాయో, ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ధాన్యం కొనుగోలు వివరమో, రోగి రిపోర్టో అలా పోతే మిల్లీసెకన్ల లాభం ఎవరికీ ఊరట కాదు. బ్యాటరీ రక్షణ ఉన్న డిస్క్ కంట్రోలర్ లేకపోతే రాతలు నేరుగా డిస్క్‌కి చేరేలా పెట్టి, కాష్‌ని చదవడానికే ఉంచడం మేలు.

నియమం మార్చాక మెరుగైందో లేదో చూడడానికి కూడా లాగే కావాలి. దాన్ని రెండుగా విడగొట్టి, ముందు వారాల భాగం మీద నియమాన్ని సర్ది, తర్వాత వారాల భాగం మీద నడిపి చూడాలి. ఒకే భాగం మీద సర్ది అదే భాగం మీద పరీక్షిస్తే ఫలితం ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది, నడుస్తున్న సర్వర్‌లో నిలవదు. హిట్లను వస్తువుల లెక్కన ఒకసారి, బైట్ల లెక్కన ఒకసారి చూడాలి. రెండు ఎంబీల పుట ఒక్కటి ఉన్నచోట ఇరవై కేబీల చిన్న బొమ్మలు వంద పడతాయి. చిన్నవాటిని ఉంచితే ఎక్కువమందికి పేజీ త్వరగా తెరుచుకుంటుంది, పెద్దవాటిని ఉంచితే డిస్క్ మీద బరువు తగ్గుతుంది. ఏది కావాలన్నది సంస్థ నిర్ణయం. లైబ్రరీకైతే మొదటిదే సరైనదని చెప్పొచ్చు, ఎందుకంటే మొదటి పేజీ తెరుచుకోకపోతే పాఠకుడు రెండో పుట దాకా రాడు. సగటు సమయంతో తృప్తిపడకుండా, వందలో అందరికన్నా ఆలస్యంగా జవాబు అందిన ఆ ఒక్కరికి ఎంత పట్టిందో కూడా రాసుకోవాలి.

ఇవన్నీ చేశాక గీత మొదటి నుంచి చివరి దాకా చదునుగా ఉందని తేలొచ్చు. ఎవరూ దేన్నీ రెండోసారి అడగని సేకరణలుంటాయి. పాత దస్తావేజుల స్కాన్లు, ఎప్పుడో ఒకసారి కోర్టు పనికి తీసే ఫైళ్లు అలాంటివి. బెలాడీ పద్ధతిలో నడిపినా హిట్లు పెరగకపోతే అక్కడ ఏ కాష్ పనికిరాదు, ఎంత ర్యామ్ వేసినా దండగే. అప్పుడు ఆ డబ్బుతో సూచికలను ఎస్ఎస్‌డీకి మార్చాలి. హార్డ్ డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్న ఒక్కో దస్తావేజు పుటలను ఒకేచోట వరసగా ఉండేలా తిరిగి రాయాలి. ఆ పుటలు మొదటిసారి అడిగినా త్వరగా రావడానికి ఉన్న దారి అదే.